మోటర్ కంటే ముందు

మొదటిరోజు లక్ష్మీకాంతరావు గారు నన్ను అడిగింది ఒక్కటే, మాది ఏ ఊరని. లక్సెట్టిపేట అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. మా ఊరికి పోవాలంటే లక్సెట్టిపేటలో బస్సు దిగి ఆటో ఎక్కాలి. కానీ మా ఊరు ఏదులపల్లె. ఒకప్పుడు ఆయన తాతగారు దొరగా ఉన్న ఊరు, ఇప్పటికీ వాళ్ల పెద్ద బంగళా, గడి, ఉన్న ఊరు అదే. ఆ పేరు చెప్తే తర్వాతి ప్రశ్న ఎవరింటి పిల్లవని వస్తుంది. దానికి జవాబు చెప్పాల్సి వస్తుందని లక్సెట్టిపేట అన్నాను.

అప్పటికి రెండేళ్లుగా నేను కరీంనగర్‌లో ఒక ఫ్లెక్సీల షాపులో తెలుగు టైపు చేస్తున్నాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, దశదినకర్మలు, లీడర్లకు శుభాకాంక్షలు. ఒత్తులు, దీర్ఘాలు తప్పకుండా రాస్తానని షాపుకు మంచి పేరు వచ్చింది. ఒకరోజు మధులిక గారు వచ్చారు. లక్ష్మీకాంతరావు గారి కూతురు. ఊళ్లో తమ పాత గడిని బాగుచేయించి, వాళ్ల ముత్తాత నడిపిన మోటరును అందులో నిలబెట్టి, పాత కార్ల చరిత్రతో చూసేవాళ్లకు తెరుస్తున్నామని చెప్పారు. పన్నెండు బోర్డులకు తెలుగు కావాలి. వాళ్ల నాన్నగారి దగ్గర అంతా ఇంగ్లీషులో ఉంది. చదివితే మన మాటలా ఉండాలి, అదొక్కటే షరతు. షాపు యజమాని నావైపు చూపించాడు.

కరీంనగర్‌లోని వాళ్ల ఇంట్లో నన్ను ఎవరూ నొప్పించలేదు. ఈ మాట ముందే చెప్పాలి. లక్ష్మీకాంతరావు గారు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మెల్లగా మాట్లాడతారు. ఆయన భార్య జానకీబాయి గారు అందరికీ ఇచ్చే కప్పులోనే నాకూ టీ ఇచ్చేవారు. మధులిక గారు నాకంటే పదేళ్లు పెద్దవారైనా నన్ను శ్యామల గారు అనేవారు. షాపులో నన్ను గారు అన్నవాళ్లు లేరు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమైందో ఇప్పుడు తలచుకుంటే తల వంగిపోతుంది.

లక్ష్మీకాంతరావు గారికి అమెరికాలో జరిగిన తొలినాటి మోటరు పందాలంటే పిచ్చి. బీరువా నిండా పుస్తకాలు, పెద్ద పెద్ద ఫోటోలు. మధ్యాహ్నం షాపు పని అయ్యాక నేను వెళ్తే ఆయన ఒక ఫోటో తీసి నా ముందు పెట్టి చెప్పేవారు, నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నూటఇరవై ఏళ్ల కింద న్యూయార్కు పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఒక కోటీశ్వరుల ఇంటి కుర్రాడు వెండి కప్పు పెట్టి పందెం మొదలుపెట్టాడు. పందానికి వేరే మైదానం ఏమీ లేదు. రైతుల బండ్లు నడిచే మట్టిరోడ్ల మీదనే. దుమ్ము లేవకుండా మైళ్లకు మైళ్లు నూనె పోశారు. కుక్కలను కట్టేసుకోండి, కోళ్లను గూట్లో పెట్టుకోండి అని ఊరూరా కాగితాలు అంటించారు. జనం వినలేదు. రోడ్డు మధ్యలో నిలబడి, కారు మీదికి వచ్చేదాకా ఉండి, ఆఖరు నిమిషంలో పక్కకు దూకేవాళ్లు. రెండేళ్లు తిరిగేసరికి చూడవచ్చిన ఒకతను కారు కింద పడి చనిపోయాడు.

అప్పుడు ఆ కుర్రాడు మోటర్ల కోసమే ఒక రోడ్డు వేయించాడు. బండ్లు, గుర్రాలు, నడిచే మనుషులు ఎవరూ దాని మీదికి రాకూడదు. కాంక్రీటు వేసి, రైతుల దారులు అడ్డం వచ్చినచోట వంతెనలు కట్టి, ఎక్కేచోట రుసుము తీసుకోవడానికి చిన్న ఇళ్లు కట్టారు. ముప్పై ఏళ్లు నడిచి మూతపడింది. ఇప్పుడు మిగిలిన ముక్కల మీద సైకిళ్లు తొక్కుతున్నారట. తన తాతగారు హైదరాబాదులో ఏదో ఇంగ్లీషు పత్రికలో ఆ రోడ్డు బొమ్మ చూసి వచ్చి ఏదులపల్లెలో సొంత మోటరుదారి వేయించారని ఆయన నవ్వుతూ చెప్పారు. ఆ దారి నాకు తెలుసు. దాని మీద నడిచే నేను బడికి పోయాను. తల ఊపి రాసుకున్నాను.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో ఒకటుంది. పైకప్పు లేని కారు, అందులో ఇద్దరు. ఒకతను నిటారుగా కూర్చుని చక్రం పట్టుకున్నాడు. రెండో అతను అతని పక్కన కిందికి ముడుచుకుని, ఒక చేత్తో ఏదో గొట్టం పట్టుకుని వెనక్కి చూస్తున్నాడు. ఆ రెండో అతను మెకానిక్ అని చెప్పారు. పందెం జరిగినంతసేపూ చేత్తో నూనె పంపు కొట్టాలి, టైర్లు చూసుకోవాలి, వెనక ఎవరు వస్తున్నారో చూసి నడిపేవాడి భుజం తట్టాలి. కారు బోల్తా పడితే ముందు పోయేది అతనే. మొదటి పందెంలోనే అలా ఒకరు పోయారు, నడిపినతను బతికాడు. ఆ మెకానిక్ పేరు కార్ల్ మెన్సెల్. ఆయన కోసం ఒక బోర్డు మొత్తం ఇచ్చారు లక్ష్మీకాంతరావు గారు.

"ఈయన పేరు అన్నిట్లకంటె పెద్ద అక్షరాలల్ల రావాలమ్మా" అన్నారు. "కప్పు గెలిచినోళ్ల పేర్లు అందరికీ తెలుసు."

ఆ ఆదివారం ఊరికి పోయాను. బాపు, మా నాన్న, బొగ్గుబాయిలో పనిచేస్తాడు, ఆయన, అమ్మ శ్రీరాంపూర్ కాలనీలో ఉంటారు. చిన్నప్పటి నుంచి నేను ఊళ్లో బాపు వాళ్ల అమ్మ, బాపమ్మ దగ్గరే పెరిగాను. బాపమ్మ పేరు బాలవ్వ. ఎనభై దాటాయి, చూపు బాగానే ఉంది, చదువు లేదు. గడికి సున్నం వేస్తున్నారని, మోటరు మళ్లీ వస్తుందని వాడంతా చెప్పుకుంటున్నారు. ఆ బోర్డులు రాసేది నేనేనని చెప్పాను. కుక్కలను, కోళ్లను కట్టేసుకొమ్మని అమెరికాలో కాగితాలు అంటించిన సంగతి చెప్తే బాపమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మాకు కాగితాలు లేవు, మా బాపే కాగితం అంది. ఆ తర్వాత, నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని విషయం చెప్పింది.

గడి నుంచి పెద్దరోడ్డు దాకా రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల, మొరం దారి. ఊరంతా వెట్టికి వేసింది. వేసినవాళ్ల బండ్లు మాత్రం దాని మీద నడవకూడదు, పక్కన గట్ల మీది దారిలో పోవాలి. పశువులు దాటే మూడు చోట్ల కట్టె గేట్లు పెట్టారు. దొర మోటరు తీసిననాడు దాని ముందు ఒక మనిషి ఉరకాలి. మోటర్ వస్తుంది జరుగుండ్రి అని అరుస్తూ, మనుషులను, గొడ్లను పక్కకు తోలుతూ, మూడు గేట్లూ తీసిపెట్టాలి. ఆ పని మా వాడలో బాపమ్మ పుట్టింటి వంతు. బాపమ్మ తండ్రి గట్టయ్య ఆ పని చేశాడు. మోటరు వచ్చేసరికి గేటు తీసి లేకపోతే చింతబరిగె దెబ్బలు.

డ్రైవరు ముందుగా హ్యాండిల్ తిప్పి ఇంజను వేడెక్కనిచ్చేవాడట. వాడలోకి ఆ చప్పుడు వినిపించగానే గట్టయ్య తింటున్న గిన్నె దించి లేచేవాడు. మొదటి గేటు దాటాక దారి కుంట చుట్టూ తిరిగిపోతుంది. అతను దారి వదిలి కుంటలోకి దిగి అడ్డం పడి పోయేవాడు. వానకాలం నడుములోతు నీళ్లు. అటు తేలి రెండో గేటు తీసి, మళ్లీ ఉరికి మూడో గేటు. అప్పటికి ఆరేడేళ్ల బాలవ్వ మూడో గేటు దగ్గర నీళ్ల ముంత పట్టుకుని నిలబడేది.

"ఏనాడు సూసినా ముందుగాల మా బాపే వచ్చేటోడు. ఎన్కనే మోటర్. ఒక్కనాడు గూడ మోటర్ మా బాపును గెలువలే" అంది.

అలా అంటుంటే ఆమె ముఖంలోని గర్వం చూశాను. కానీ నా కళ్లకు కనిపించింది వేరే. తడి గోచీతో, మోకాళ్ల దాకా బురదతో, ఒక మోటరు ముందు అరుచుకుంటూ ఉరుకుతున్న మనిషి. వెనక మెత్తటి సీటు మీద కూర్చున్న మనిషి. కరీంనగర్‌లో టీ కప్పు పట్టుకుని మధులిక గారు ఈ సంగతి బోర్డు మీద చదువుతున్నట్టు, చదివి నావైపు చూస్తున్నట్టు అనిపించి చెవులు వేడెక్కాయి.

"గా బోర్డు మీద మా బాపు పేరు రాయి బిడ్డా. గట్టయ్య మోటర్ కంటె ముందు ఉరికిండు అని రాయి. ఇంకేం వద్దు."

రాస్తానన్నాను. ఒట్టు పెట్టమనలేదు గానీ ఇంకోసారి చెప్పించుకుంది. బస్సులో ఫోనులో రెండు వాక్యాలు టైపు చేసి పెట్టుకున్నాను. బాగానే కుదిరాయి.

రెండు రోజుల తర్వాత చివరి బోర్డు దగ్గరికి వచ్చాం. ఏదులపల్లె మోటరుదారి గురించి. లక్ష్మీకాంతరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, ఆ రోడ్డు తాత ఏదో ఊరి మేలు కోసం వేయించాడని ఇంట్లో చెప్పుకుంటారు, నాకు నమ్మకం లేదు అని.

"ఎవరో ఏసిండ్రు, ఎవరో కాపలా ఉన్నరు. ఊళ్ల ముసలోళ్లు ఎవరన్న ఉంటె పేర్లు అడిగి రాయాలె. నీది గా పక్కనే గదమ్మా, ఎవరన్న ఎరుకనా?"

ఫోను నా ఒళ్లోనే ఉంది. ఆ రెండు వాక్యాలు అందులోనే ఉన్నాయి. మధులిక గారు ఎదురు కుర్చీలో కూర్చుని బోర్డుల రంగులు చూస్తున్నారు. అడిగినవాడు దొర మనవడే, దాచమన్నవాళ్లు ఎవరూ లేరు. నోరు తెరిచి మా బాపమ్మ ఉంది సార్ అంటే చాలు.

ఎవరూ లేరు సార్ అన్నాను. ఉన్నవాళ్లకు గుర్తు లేదని కూడా కలిపాను.

ఆయన నిట్టూర్చి, మరి ఊరివాళ్లు వేశారని అయినా రాయమన్నారు. నేను రాశాను, ఈ దారి గ్రామస్తుల సహకారంతో నిర్మించబడింది అని. సహకారం అన్న మాట ఆయనది కాదు, నాది. ఫ్లెక్సీల్లో రోజుకు పదిసార్లు కొట్టే మాట, చేతికి అలవాటై ఉంది. ఆయన చదివి ఆ మాట దగ్గర ఆగారు. తెలుగు నీకే బాగా తెలుసు అని ఊరుకున్నారు. ఇంటికి వచ్చి ఫోనులోని వాక్యాలు తీసేశాను.

గడి తెరిచే రోజు బాపమ్మ రాకూడదని కోరుకున్నాను. మోకాళ్లు నొప్పి అంటుంది కదా, జనంలో ఎందుకు, నేను తర్వాత నెమ్మదిగా చూపిస్తానని ముందురోజు ఫోను చేసి చెప్పాను. ఆమె సరేనని, తెల్లారి పక్కింటి సక్కుబాయిని వెంటపెట్టుకుని, ఇస్త్రీ చేయించిన చీర కట్టుకుని అందరికంటే ముందు వచ్చింది. నేను మధులిక గారితో కలిసి వచ్చినవాళ్లకు బోర్డులు చూపిస్తున్నాను. గది అవతలి నుంచే పిలిచింది.

"శ్యామలా, ఏడున్నదే?"

మధులిక గారు ఎవరని అడిగారు. మా నాయనమ్మ అన్నాను. ఇదే ఊరా, చెప్పనేలేదే అని ఆశ్చర్యపోయి, వెంటనే ఒక కుర్చీ తెప్పించారు. అంతే. నేను రెండు నెలలు దాచింది ఒక్క నిమిషంలో బయటపడింది, దాంతో ఎవరికీ ఏమీ కాలేదు. కుర్చీ వద్దని బాపమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. మా బాపు పేరు ఎక్కడుందో చూపించమంది.

మోటరు గది మధ్యలో మెరుస్తూ ఉంది. దానివైపు ఆమె ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. గోడ పొడుగునా బోర్డులు. చివరి బోర్డు మీద చిన్న అక్షరాలు తప్ప ఏమీ లేవు. పేరు లేదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. సక్కుబాయి పక్కనే నిలబడి ఉంది, మధులిక గారు వింటున్నారు. నేను బాపమ్మను మెకానిక్ బోర్డు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కుడిచేతి చూపుడు వేలు పట్టుకుని, అన్నిటికంటే పెద్దగా ఉన్న పేరు మీద పెట్టాను. కార్ల్ మెన్సెల్ అన్న అక్షరాల మీద.

ఇదేనా అంది. ఇదే అన్నాను.

ఆమె వేలితో ఆ అక్షరాలను మొదటి నుంచి చివరి దాకా మెల్లగా తడిమింది. మళ్లీ మొదటికి వచ్చింది. ఎంత పెద్దగ రాసినవే అంది. పైనున్న ఫోటోలో ఇద్దరు ఎవరని అడిగితే అమెరికావాళ్లని చెప్పాను. తర్వాత ఆ పేరు మీద అరచెయ్యి ఆనించి కళ్లకద్దుకుంది. అక్కడ నిలబడి ఉన్న నేను ఆమెను ఆపలేదు.

అటుగా లక్ష్మీకాంతరావు గారు వచ్చారు. బాపమ్మ చెప్పులు విడవబోతే ఆయన వద్దని పట్టుకున్నారు. మా బాపు పేరు మీ గడిల రాసిండ్రు, సల్లగుండు దొరా అని బాపమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఆయన బోర్డు చూశారు. ఆమె చెయ్యి ఉన్నచోటు చూశారు.

"మీ బాపు పేరేందవ్వా?"

"గట్టయ్య. మీ తాత మోటర్ కంటె ముందు ఉరికిండు."

ఆయన నావైపు తిరిగారు. కోపం లేదు. క్లాసులో జవాబు తెలిసిన పిల్ల లేస్తుందేమోనని చూసినట్టు చూశారు. చాలాసేపు ఎదురుచూశారు. నేను నేల మీది బండలు చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయనే, మంచిదవ్వా అని ఆమె చేతులు పట్టుకుని వదిలి, అక్కడి నుంచి వెళ్లిపోయారు. నా అబద్ధాన్ని కప్పడానికి ఆయన తన నోటితో ఒక మాట అనాల్సి వచ్చింది.

మరునాడు షాపుకు ఆయనే ఫోను చేశారు. ఎందుకు చేశావని అడగలేదు. ఆ రోజు నేను అడిగిన కదమ్మా అని మాత్రం అన్నారు. చివరి బోర్డు మార్చాలి, మాటలు నువ్వే రాయాలి, సహకారం తీసెయ్ అన్నారు. మీ బాపమ్మకు ఏం చెప్పాలో నీ ఇష్టం అని పెట్టేశారు.

ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేదని అనుకున్నాను. కొత్త బోర్డు వచ్చాక, ఆమెను తీసుకుపోయి, పేరు ఇక్కడికి మార్చారని చెప్పి కొత్త దాని మీద ఆమె వేలు పెడితే సరిపోతుంది. ఈసారి అబద్ధం ఉండదు కదా. ఈ లెక్క వేసుకుంటూ నాలుగు రోజులు గడిపాను. షాపులో ఎన్నికల ఫ్లెక్సీల రద్దీ అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ నాలుగు రోజులూ బాపమ్మ గడికి పోతూనే ఉంది. రోజూ వాడలో ఎవరినో ఒకరిని తీసుకుపోయి, గోడ దగ్గర నిలబెట్టి, వేలు పెట్టి చూపించిందట. వాళ్లెవరికీ చదువు రాదు. అయిదో రోజు అంగన్‌వాడీ టీచరు మమతారాణిని తీసుకుపోయింది. అందరికీ వినబడేలా చదవమంది. మమతారాణి గట్టిగా చదవబోయి ఆగిందట. ఎండ కొడుతుంది, అక్షరాలు కనిపిస్తలేవని ఏదో చెప్పబోయింది. బాపమ్మ వదల్లేదు. ఏముంటే అదే చదువు అంది. ఆమె చదివింది.

ఇదంతా మమతారాణి నాకు ఫోనులో చెప్పింది. చెప్పి, ఏమైనా పొరపాటైందా శ్యామలా అని అడిగింది. అవునన్నాను.

ఆ పూటే బస్సెక్కాను. బాపమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి పని ఆపలేదు. సక్కుబాయి వాళ్ల గడపలో నిలబడి ఉండి నన్ను చూసి లోపలికి పోయింది. నేను కింద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఏ ఊరని అడిగితే లక్సెట్టిపేట అన్నది, పేర్లు అడిగితే ఎవరూ లేరన్నది, ఫోనులో రాసుకున్నది తీసేసింది. మన ఇంటి సంగతి వాళ్లకు తెలుస్తుందని సిగ్గుపడ్డానని కూడా చెప్పాను.

"సిగ్గు పడితివి, పడు. నా కడుపుల పుట్టినోళ్లు శానమంది పడ్డరు" అంది. "రాయకపోతే రాయకపోతివి. నా ఏలు పట్టి ఎందుకు చూపెట్టినవ్?"

చేటలో బియ్యం ఒకపక్కకు నెట్టి ఆమె తన చూపుడు వేలు చూసుకుంది, మురికి అంటిందేమోనన్నట్టు.

కొత్త బోర్డు అచ్చవుతోందని, ఎల్లుండి పెడతారని, అందులో పేరు ఉందని చెప్పాను. ఆదివారం నేనే వచ్చి తీసుకుపోయి చూపిస్తానన్నాను.

"నువ్వు చూపెడితే నేనెట్ల నమ్మాలె?"

అరిచి అనలేదు. నిజంగానే అడిగింది. ఈ ఇంటికి వచ్చిన ఉత్తరాలు, కరెంటు బిల్లులు, పింఛను కాగితాలు, మందుసీసాల మీది అక్షరాలు, అన్నీ ఆరేళ్ల వయసు నుంచి నేనే చదివి చెప్పాను. నేను చదివింది ఇంకొకరితో చదివించుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. నేను అన్నం తిన్నాను, ఆమె వడ్డించింది.

ఆ బోర్డు మాటలు అంతకుముందే ఇలా రాసిచ్చాను. ఈ దారిని ఊరివాళ్లు వెట్టికి వేశారు. దొర మోటరు బయలుదేరినప్పుడల్లా ఈ ఊరి గట్టయ్య దాని ముందు ఉరికి మూడు గేట్లు తీసేవాడు. మోటరు ఒక్కనాడూ ఆయన్ని దాటలేదు. ఇది చెప్పింది ఆయన కూతురు బాలవ్వ. లక్ష్మీకాంతరావు గారు చదివి, చెప్పింది నీ ద్వారానే కదా, నీ పేరు కూడా పెడదామా అని అడిగారు. వద్దన్నాను. నాకు ఆ చోటు తగదని వద్దన్నానో, లేక మళ్లీ అదే సిగ్గో, నాకు తేలలేదు.

ఆదివారం నేను రాకపోయినా బాపమ్మ పోయేదే, వచ్చాను కాబట్టి వెంట నడవనిచ్చింది. గడి దర్వాజ దాకా వచ్చాక ఆగి, నువ్వు ఈడనే ఉండు అంది. మమతారాణి తోడు వస్తానంటే ఆమెనూ వద్దంది. మీరంతా ఒక్క జట్టు అంది. ఒక్కతే లోపలికి పోయింది. నేను దర్వాజ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి గది కిటికీ కనిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి.

సెలవు రోజు కాబట్టి జనం ఉన్నారు. బాపమ్మ గోడ వెంట నడిచి చివరి బోర్డు ముందు నిలబడింది. చెయ్యి పెట్టలేదు. అటుగా వచ్చిన ఒకామెను ఏ ఊరు మీది అని అడిగింది. ఖానాపూర్ అని ఆమె చెప్పింది. ఏదులపల్లెలో చుట్టాలెవరన్నా ఉన్నారా అని అడిగింది. లేరంది. అప్పుడు, గీడ ఏం రాసున్నదో జర సదువు తల్లీ అంది. ఆమె చదివింది. గట్టయ్య అన్న మాట కిటికీ దాటి నా దాకా వచ్చింది. ఆమె పోయేదాకా బాపమ్మ ఆగింది.

తర్వాత బ్యాగు తగిలించుకున్న ఒకాయన వచ్చాడు. ఆయన్నీ ఊరు అడిగింది. నిర్మల్ అన్నాడు. నీకు శ్యామల అనే పిల్ల ఎరుకనా అని అడిగింది. ఎరుకలేదవ్వా అన్నాడు. చదవమంది. ఆయన తొందర తొందరగా చదివాడు. నిమ్మలంగ సదువు అని మళ్లీ చదివించింది. అవే మాటలు, అదే పేరు.

అయినా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. కొంగు సర్దుకుని, తలుపువైపు తిరిగి, లోపలికి ఇంకెవరు వస్తారా అని చూస్తూ నిలబడింది.